అబ్రియాక్షన్ అనగా నేమి?

"ఏడ్వనీయండి, గుండె బరువు దిగుతుంది" అని దుఃఖంలో ఉన్న ఇంటికి పోయిన పెద్దలు అంటూ ఉంటారు. "నాలుగు మాటలు అనేస్తే నా కోపం పోతుంది, తరువాత నా మనసులో ఏమీ ఉండదు" అని కొందరు యజమానులు దుకాణంలో గుమాస్తాల ఎదుటనే చెప్పుకొంటూ ఉంటారు. వినుటకు ఈ రెండు మాటలు ఒకే రకంగా ఉన్నవి. లోపల పేరుకొన్నది బయటికి పోవలెను, పోతే మనిషి తేలికపడతాడు అన్నదే రెండింటిలోను ఉన్న భావం. కాని మొదటి మాటలో ఉన్నంత నిజం రెండవ మాటలో లేదు. ఎందుకు లేదో తెలిసికొనుటకు మనస్తత్వ శాస్త్రంలో పుట్టిన ఒక పదం యొక్క చరిత్ర బాగా ఉపకరిస్తుంది. ఆ పదమే అబ్రియాక్షన్.

ఇది ఒక జర్మన్ మాటకు ఇంగ్లీషు రూపం. జర్మన్‌లో 'ఆబ్' అంటే వెలుపలికి, దూరంగా అని అర్థం. 'రియాగీరెన్' అంటే ప్రతిక్రియ చేయుట. మనసుకు ఒక దెబ్బ తగిలినప్పుడు సహజంగా రావలసిన ఏడుపో కోపమో రాకుండా మనిషి దిగమ్రింగుకొన్నాడనుకొనండి. చాలాకాలానికి ఆ సంఘటన మళ్లీ కళ్లకు కట్టి, అప్పుడు ఆగిపోయిన ఉద్వేగం ఒక్కసారిగా పెల్లుబికి బయటపడుటకు ఈ పేరు పెట్టినారు. ఏడుపు, వణుకు, కేక, తిట్టు, ఏ రూపంలోనైనా రావచ్చును. అయితే రెండు సంగతులు కలిసి ఉండవలెను. పాత జ్ఞాపకం రావలెను, దానితో పాటు ఆనాటి ఉద్వేగమూ రావలెను. ఉదయం కాఫీ ఆలస్యమైనదని ఇల్లెగిరిపోయేలా అరచుట అబ్రియాక్షన్ కాదు. దానికి శాస్త్రీయమైన పేరు వెదకనక్కరలేదు.

దీనికి దగ్గరి చుట్టం కెథార్సిస్ అనే గ్రీకు మాట. విషాద నాటకం చూచేవారిలో జాలిని, భయాన్ని కలిగించి, వాటి ద్వారా ఆ భావాలకు కెథార్సిస్ చేస్తుందని అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో అన్నాడు. ఆ మాటకు అర్థమేమో అక్కడ విప్పి చెప్పలేదు. అందువలన పండితులు శతాబ్దాలుగా వాదించుకొన్నారు. మన విమర్శకులలో కొందరు దానిని క్షాళన అన్నారు, కొందరు విరేచనం అన్నారు. విరేచనం అనే మాట సభలో పలుకుటకు కొంచెం ఎబ్బెట్టుగా ఉన్నా, చరిత్రకు అదే దగ్గర. 1857లో యాకోబ్ బెర్నైస్ అనే జర్మన్ పండితుడు, అరిస్టాటిల్ మాట వైద్యుల మాటే, ఒంటిలో చేరిన దోషాన్ని బయటికి పంపినట్లు మనసులో చేరినదాన్ని పంపుట అని వాదించినాడు. ఈ బెర్నైస్ తమ్ముని కుమార్తె మార్తాయే 1886లో సిగ్మండ్ ఫ్రాయిడ్‌ను వివాహమాడినది.

ఇక అసలు కథ వియన్నా నగరంలో 1880లో మొదలైనది. బెర్తా పాపెన్‌హైమ్ అనే ఇరువది యొక్క ఏండ్ల యువతి, జబ్బుపడిన తండ్రికి రాత్రులు మేలుకొని సేవ చేస్తూ తానే జబ్బు పడినది. కుడిచేయి చచ్చుబడినది, చూపు చెదిరినది, కొంతకాలం తన మాతృభాష అయిన జర్మన్ మరచి ఇంగ్లీషులోనే మాట్లాడినది. ఆమెకు వైద్యం చేసినవాడు యోసెఫ్ బ్రాయర్. సాయంకాలం వేళ ఆమె ఒక విధమైన మగతలో తన మనసులోనివి చెప్పుకొంటే, కొన్ని గంటలు నెమ్మదిగా ఉండేది. దానికి ఆమెయే రెండు పేర్లు పెట్టినది. ఒకటి మాటల వైద్యం, రెండవది, నవ్వుతూ పెట్టినది, పొగగొట్టం మసి దులుపుట.

ఒక వేసవిలో ఆమె నీరు త్రాగలేకపోయినది. దాహంతో గ్లాసు అందుకొనేది, పెదవికి తగలగానే త్రోసివేసేది. ఆరు వారాలు పండ్లతోనే గడిపినది. ఒకనాడు మగతలో ఉండగా, తనకు నచ్చని ఒక ఇంగ్లీషు పరిచారిక గదిలోకి పోయినప్పుడు ఆమె పెంపుడు కుక్క గ్లాసులో మూతి పెట్టి నీరు త్రాగుట చూచినానని, మర్యాద కొరకు ఏమీ అనక ఊరుకొన్నానని చెప్పినది. ఆనాడు ఆగిన కోపాన్నంతా అప్పుడు గట్టిగా వెళ్లబోసి, నీరు అడిగి కడుపునిండా త్రాగి, పెదవులకు గ్లాసు ఉండగానే మెలకువలోకి వచ్చినదట. నీటి భయం మరి రాలేదని బ్రాయర్ వ్రాసినాడు.

ఈ ఒక్క కుక్క కథ మీద ఒక సిద్ధాంతం లేచినది. బ్రాయర్, ఫ్రాయిడ్ ఇద్దరూ 1893లో ఒక వ్యాసం, 1895లో హిస్టీరియాను గూర్చి ఒక గ్రంథం ప్రకటించినారు. వారి వాదం చాలా సులభమైనది. దెబ్బకు దెబ్బ తీసినవాడు, కనీసం మాటతోనైనా తీర్చుకొన్నవాడు ఆ సంగతిని మరువగలడు. మౌనంగా భరించినవానిలో అది ముల్లువలె నిలిచిపోతుంది. ఏడ్చుట, చెప్పుకొనుట, ఎదురు తిరుగుట, ఇవన్నీ ప్రతిక్రియలే. ప్రతిక్రియ జరుగని జ్ఞాపకం ఒంటిలో జబ్బుగా బయటపడుతుంది. ఉద్వేగం లేకుండా జ్ఞాపకాన్ని మాత్రమే అప్పగించినట్లు చెప్పితే ఫలితం ఉండదని కూడా వారు గట్టిగా అన్నారు.

వినుటకు ఇంత చక్కగా ఉన్నది గనుకనే కాబోలు, ఈ వాదం పుస్తకాలు దాటి ఇంటింటికీ పోయినది. కాని బెర్తా చరిత్ర గ్రంథంలో ముగిసినంత చక్కగా ముగియలేదు. 1882 జూన్‌లో వైద్యం ముగిసినదన్నారు. జులైలోనే ఆమెను స్విట్జర్లాండులోని క్రాయిట్స్‌లింగెన్ ఆరోగ్యాశ్రమంలో చేర్చవలసి వచ్చినది. అక్కడి కాగితాలను ఎలెన్‌బర్గర్ అనే చరిత్రకారుడు వెదకిపట్టి 1972లో ప్రకటించేవరకు ఈ సంగతి లోకానికి సరిగా తెలియదు. అంటే అబ్రియాక్షన్‌కు మొదటి దృష్టాంతంగా చూపే ఆమెకే అబ్రియాక్షన్ వలన జబ్బు నయం కాలేదు. ఒక్కొక్క లక్షణం తగ్గి ఉండవచ్చును, మనిషి కోలుకొనుటకు ఏండ్లు పట్టినది. కోలుకొన్నది మాత్రం సామాన్యంగా కాదు. అనాథ బాలికల కొరకు, మోసపోయిన స్త్రీల కొరకు పనిచేసి, 1904లో యూదు మహిళా సంఘాన్ని స్థాపించి, 1936లో కన్నుమూసినది. 1954లో పశ్చిమ జర్మనీ ఆమె బొమ్మతో తపాలా బిళ్ల వేసినది.

ఫ్రాయిడ్ కూడా ఈ పద్ధతిలో ఎక్కువ కాలం నిలువలేదు. ఒకసారి ఏడ్చి తేలికపడిన రోగి కొన్నాళ్లకు మరో లక్షణంతో తిరిగివస్తూ ఉండుట చూచినాడు. 1914లో వ్రాసిన వ్యాసంలో, ఒక్క ఊపున వెళ్లగక్కుట కంటె, ఒకే సంగతిని ఓపికగా మళ్లీ మళ్లీ త్రవ్వి అర్థం చేసికొనుటయే పని చేస్తుందని తేల్చినాడు.

అటు తరువాత రెండు ప్రపంచ యుద్ధాలు ఈ పదానికి మళ్లీ ప్రాణం పోసినవి. మొదటి యుద్ధంలో ఫిరంగుల మధ్య మాట పడిపోయిన సైనికులకు, కాళ్లు కదలని వారికి హిప్నాటిజం చేసి, ఆ యుద్ధ దృశ్యాన్ని మళ్లీ అనుభవింపజేసినారు. కొందరికి వెంటనే మాట వచ్చినది. ఎందుకు వచ్చినదన్న దానిపై 1920లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుల మధ్య ఒక చర్చ జరిగినది. ఈ విషయంలో అంతకంటె విలువైన చర్చ మరొకటి లేదని నా అభిప్రాయం. విలియం బ్రౌన్, ఆగిన ఉద్వేగం బయటపడుటయే మందు అన్నాడు. చార్లెస్ మయర్స్, విలియం మెక్‌డూగల్ ఒప్పుకొనలేదు. మనిషి నుండి విడిపోయి ఎక్కడో పడి ఉన్న జ్ఞాపకం అతని తక్కిన జీవితంతో మళ్లీ కలియుటయే మందు, ఏడుపు ఆ కలయికలో పుట్టే చప్పుడు మాత్రమే అన్నారు.

మన వ్యాపారస్థులకు ఈ తేడా లెక్కల భాషలో చెప్పితే వెంటనే తెలుస్తుంది. ఎవరిదో, ఎందుకో తేలని మొత్తం వస్తే దానిని అనామతు పద్దులో వ్రాసి ఉంచుతాము. అది అక్కడ ఉన్నంతకాలం లెక్క కుదరదు, ప్రతి రాత్రి కంటికి తగులుతూ ఉంటుంది. దానిని వదిలించుకొనుటకు చిట్టా కాగితం చింపివేయుట ఒక పద్ధతి. అది ఎవరిదో తేల్చి, సరియైన ఖాతాకు ఎక్కించుట రెండవ పద్ధతి. బ్రౌన్ చెప్పినది మొదటిదానికి దగ్గర, మయర్స్ చెప్పినది రెండవదానికి దగ్గర. నూరేండ్ల తరువాత వచ్చిన ఫలితాలు ఎక్కువగా మయర్స్ పక్షాననే ఉన్నవి.

రెండవ ప్రపంచ యుద్ధంలో హిప్నాటిజంకు బదులు మందులు వాడినారు. గ్రింకర్, స్పీగెల్ అనే అమెరికను వైద్యులు 1943లో ఉత్తర ఆఫ్రికాలో సైనికులకు పెంటోథాల్ సూది వేసి, మగతలో యుద్ధాన్ని చెప్పించినారు. వారు కూడా ఆ వైద్యానికి పెట్టిన పేరులో 'వెళ్లగక్కుట' అన్న భావం లేదు, 'కూర్చుట' అన్న భావమే ఉన్నది. ఇంగ్లండులో విలియం సార్జెంట్ ఇంకొక వింత సంగతి 1957లో వ్రాసినాడు. జరిగిన సంఘటనే కానక్కరలేదు, జరుగని దానిని కల్పించి రెచ్చగొట్టినా రోగి అలాగే కేకలు వేసి, అలాగే సొమ్మసిల్లి, అలాగే తేలికపడినాడట. ఆలోచింపవలసిన మాట ఇది. అంత భారీ ఉద్వేగం తరువాత వచ్చే అలసటను మనిషి శాంతి అని భ్రమించవచ్చును. పైగా, బయటికి వచ్చిన ప్రతి జ్ఞాపకం నిజమే కానక్కరలేదు.

1970లో ఆర్థర్ జానోవ్ అనే అమెరికను, బాల్యపు బాధనంతా ఒక్క ఆదిమమైన కేకతో వదిలించవచ్చునని పుస్తకం వ్రాసినాడు. ఆ యేడే గాయకుడు జాన్ లెనన్ ఆయన వద్ద వైద్యం చేయించుకొనుటతో దానికి లోకమంతటా ప్రచారం వచ్చినది. ప్రచారం వచ్చినంతగా రుజువు రాలేదు. ఆ మాట అంతటితో వదలుదాం.

ఇప్పుడు కోపం సంగతికి వస్తాను. మన ఇండ్లలో, దుకాణాలలో నిత్యం నష్టం చేసేది ఇదే గదా! అత్త మీది కోపం దుత్త మీద చూపినట్లు, బాకీ ఎగవేసినవాని మీది కోపం సాయంకాలానికి గుమాస్తా మీద, ఇంటికి పోయిన తరువాత పిల్లల మీద పడుతుంది. "వెళ్లగక్కితే పోతుంది" అన్న నమ్మకం దీనికి ఒక శాస్త్రీయమైన ముసుగు. ఆ ముసుగును అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అనే ఆచార్యుడు 2002లో ప్రకటించిన ఒక పరీక్షతో తొలగించినాడు. ఆరు వందలమంది విద్యార్థుల చేత వ్యాసాలు వ్రాయించి, వాటిని ఘోరంగా తిట్టి తిప్పి పంపినారు. తరువాత కొందరి చేత, తిట్టినవానిని తలచుకొంటూ బరువైన సంచిని పిడికిళ్లతో గుద్దించినారు. కొందరి చేత వ్యాయామమని తలచుకొంటూ గుద్దించినారు. మిగిలినవారిని రెండు నిమిషాలు ఊరకే కూర్చోబెట్టినారు. పిమ్మట తిట్టినవాని చెవిలో పెద్ద చప్పుడు చేసే అవకాశం ఇచ్చి, ఎవరు ఎంత గట్టిగా, ఎంతసేపు చేస్తారో కొలిచినారు. తలచుకొని గుద్దినవారే అందరికంటె ఎక్కువ కోపంతో, ఎక్కువ కసితో ఉన్నారు. ఏమీ చేయక కూర్చున్నవారు అందరికంటె తక్కువ.

2024లో ఆయనే సోఫీ కియర్విక్ అనే పరిశోధకురాలితో కలిసి, ఈ విషయంపై జరిగిన 154 అధ్యయనాలను, అందులో పాల్గొన్న 10,189 మంది ఫలితాలను ఒకచోట చేర్చి చూచినాడు. ఒంటిలోని ఉద్రేకాన్ని తగ్గించేవి, అనగా దీర్ఘశ్వాస, ధ్యానం, కండరాలను వదులు చేయుట, ఇవి కోపాన్ని తగ్గించినవి. ఉద్రేకాన్ని పెంచే పనులు మొత్తం మీద కోపాన్ని తగ్గించలేదు. పరుగు గుండెకు మంచిదే గాని, కోపానికి మందు కాదు.

కారణం కష్టమైనది కాదు. కోపంలో గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పెరుగుతుంది, రక్తపు పోటు పెరుగుతుంది. అరచుట ఈ మూడింటిని ఇంకా పెంచుతుంది. కోపాన్ని కుండలోని ఆవిరిగా ఊహించుట వలన పొరపాటు వచ్చినది. అది ఆవిరి కంటె మంటకు దగ్గర, గాలి తగిలితే పెరుగుతుంది. అయినా అరచిన తరువాత హాయిగా ఉన్నదే అని ఎవరైనా అనవచ్చును. ఉంటుంది, నిజమే. ఆ హాయియే చిక్కు. హాయినిచ్చిన పనిని మనిషి మళ్లీ చేస్తాడు, క్రమంగా అది అలవాటవుతుంది. ఇక, యజమాని చిట్టాలో ఖర్చు పడిన కోపం గుమాస్తా చిట్టాలో జమ పడుతుందని వేరే చెప్పాలా?

మన దేశపు వైద్యులు ఈ తేడాను ఎంతో పూర్వమే గుర్తించినారు. చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో, ఆపకూడని వేగాలు పదమూడు చెప్పబడినవి. మలమూత్రాలు, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పిక, నిద్ర మొదలగు వాటి సరసన కన్నీరు కూడా ఉన్నది. ఆ వెంటనే, బుద్ధిమంతుడు ఆపుకొనవలసిన వేగాలు అని మరొక పట్టీ ఉన్నది. లోభం, శోకం, భయం, క్రోధం, గర్వం, ఈర్ష్య మొదలైనవి అందులోనివి. కన్నీరు మొదటి పట్టీలో, క్రోధం రెండవ పట్టీలో! శోకం కూడా రెండవ దానిలోనే ఉన్నదే అని సందేహం రావచ్చును. కంట నీరు రానిమ్ము, శోకపు ఉరవడిలో కొట్టుకొనిపోకుము అని దీని భావంగా నేను గ్రహించినాను.

జైన గ్రంథాలలో క్రోధాన్ని కొలిచిన తీరు కూడా ఇక్కడ జ్ఞాపకం చేసికొనదగినది. నాలుగు కషాయాలలో మొదటిదైన క్రోధానికి నాలుగు అంతరాలు చెప్పినారు. రాతి మీది గీత, నేలలోని బీట, ఇసుకలోని గీత, నీటి మీది గీత. శ్వేతాంబర కర్మగ్రంథాలలో వీటికి కాలం కూడా ఉన్నది. జీవితాంతం, ఒక సంవత్సరం, నాలుగు మాసాలు, ఒక పక్షం. పాక్షిక, చాతుర్మాసిక, సాంవత్సరిక ప్రతిక్రమణల గడువులు వీటితో సరిపోవుట గమనించండి. ఇక్కడ కోపం ఎంత గట్టిగా బయటపడినది అన్నది ప్రశ్న కాదు, ఎంతకాలం నిలిచినది అన్నదే ప్రశ్న. అయితే ప్రతిక్రమణ, ఆలోచన అనేవి కూడా ఒక విధమైన అబ్రియాక్షనే అని ఈమధ్య కొందరు అంటున్నారు. నేను ఒప్పుకొనను. అబ్రియాక్షన్‌లో మనిషి చెప్పేది తనకు ఇతరులు చేసినది. గురువు ఎదుట ఆలోచనలో చెప్పేది తాను ఇతరులకు చేసినది. రెండింటిలోను నోరు తెరచుట ఒకటే గాని, తెరచిన ద్వారాలు వేరు.

అయితే దుఃఖాన్ని, భయాన్ని చెప్పుకొనుట వలన మేలు లేదా? ఉన్నది, కొన్ని నిబంధనలతో. 1986లో పెన్నెబేకర్, బీల్ అనేవారు 46 మంది విద్యార్థులతో ఒక పరీక్ష ప్రకటించినారు. వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, కొందరి చేత తమ జీవితంలోని పెద్ద దెబ్బను గూర్చి వ్రాయించినారు. జరిగిన సంగతులు మాత్రమే వ్రాసినవారికి గాని, ఉత్త ఉద్వేగం మాత్రమే వెళ్లబోసినవారికి గాని అంత మేలు కనబడలేదు. ఏమి జరిగినదో, తనకు ఏమనిపించినదో రెండూ కలిపి వ్రాసినవారు తరువాతి ఆరు నెలలలో వైద్యుని వద్దకు తక్కువసార్లు పోయినారు. వ్రాసిన రోజున మాత్రం వారి మనసు ఇంకా బరువెక్కినది. తరువాత జరిగిన అనేక పరీక్షలలో ఈ మేలు చిన్నదే అని తేలినది గాని, అనామతు పద్దును ఖాతాకు ఎక్కించుట అన్న మాటకు ఇది మంచి దృష్టాంతం.

చెప్పించుటకు బలవంతం చేస్తే మాత్రం కీడు జరుగవచ్చును. ప్రమాదం జరిగిన కొద్ది రోజులలోనే బాధితులను కూర్చోబెట్టి అంతా ఒక్కసారి చెప్పించే పద్ధతి 1980ల నుండి ప్రబలినది. బ్రిటన్‌లో కాలిన గాయాలు తగిలినవారిపై జరిపిన ఒక పరీక్ష ఫలితం 1997లో వచ్చినది. పదమూడు నెలల తరువాత, అలా చెప్పించినవారిలో నూటికి 26 మందికి, చెప్పించని వారిలో నూటికి 9 మందికి ఆ ప్రమాదపు పీడకలల జబ్బు ఉన్నది. చెప్పించినవారి పరిస్థితి మొదటనే కొంత తీవ్రంగా ఉన్నదన్న మాట నిజమే గాని, ఇతర పరీక్షలలో కూడా ఈ పద్ధతి వలన లాభం కనబడలేదు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని వాడవద్దని చెప్పినది.

ఇప్పటి వైద్యులు పాత భయాన్ని కదిలించరని కాదు. ఎడ్నా ఫోవా మొదలైనవారు రూపొందించిన పద్ధతిలో రోగి ఆ సంఘటనను కళ్లు మూసికొని చెప్పుతాడు. కాని ఒక్కసారి పెద్ద కేక పెట్టించి పంపరు. వారాల తరబడి, తానే పగ్గం పట్టుకొని, అదే కథను మళ్లీ మళ్లీ చెప్పుకొంటూ పోతే, ఆ జ్ఞాపకం ఇప్పుడు తనను ఏమీ చేయదని మనసు నేర్చుకొంటుంది. ఇది శిక్షణ పొందినవారు చేయవలసిన పని. పుస్తకం చదివి బంధువుల మీద ప్రయోగించరాదు. 'లోపలిదంతా కక్కిస్తాము' అని రెండు రోజుల శిబిరాలకు రుసుము వసూలు చేసేవారి వద్దకు పిల్లలను పంపేముందు, అక్కడ వైద్యుడు ఉన్నాడా, కదిలించిన తరువాత ఎవరు చూస్తారు అని అడుగుట మంచిది.

మన ఇంట్లో ఎవరికైనా, పాత ప్రమాదమో మరణమో తలపుకు వచ్చి, ఒక్కసారిగా వణుకు, ఏడుపు పట్టుకొంటే ఏమి చేయవలెను? ఆపవద్దు, రెచ్చగొట్టవద్దు. "ఇంకా చెప్పు, అప్పుడేమైనది" అని త్రవ్వవద్దు. గుంపును ప్రక్కకు పంపి, నమ్మకమైనవారు ఒక్కరు దగ్గర కూర్చుండవలెను. పేరు పెట్టి పిలిచి, "నీవు ఇంట్లోనే ఉన్నావు, ఇది ఫలానా వారం, నేను నీ ప్రక్కనే ఉన్నాను" అని నెమ్మదిగా చెప్పుతూ, పాదాలు నేలకు ఆనించి, ఊపిరి మెల్లగా విడువుమనవలెను. తేరుకొన్న తరువాత మంచినీళ్లు ఇచ్చి, చెప్పదలచుకొంటే వినవలెను, లేకపోతే ఊరుకొనవలెను. ఇది తిరిగి తిరిగి వస్తున్నా, నిద్ర చెడినా, చనిపోవాలన్న మాట నోటివెంట వచ్చినా మానసిక వైద్యునికి చూపించవలెను. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చును. తెలుగులోను, తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీలలోను అక్కడ మాట్లాడవచ్చును.